ఏడో గొయ్యి

మారణహోమం జరిగిన ఏళ్ల తర్వాత, రువాండాలో ఒక కొండవాలు. జైలు నుంచి తిరిగొచ్చిన కాలిస్తె పారతో, పొరుగింటావిడ దఫ్రోజ్ జొన్నబీరున్న సొరకాయ బుర్రతో, ఆమె పెరట్లో నిలబడి ఉన్నారు.

"అక్కడొద్దమ్మా. ఇంకో చోటు చూపించు."

"ముందు గొంతు తడుపుకో. ఏంటలా చూస్తున్నావ్? నేను తాగి ఇవ్వాలా? ఇదిగో, తాగాను. ఇప్పుడు తాగు."

"అనుమానం కాదమ్మా. ఇచ్చినవాళ్లు ముందు తాగడం మన ఆచారం కదా."

"ఆచారమేలే. ఇదివరకు నోరారా వదినా అనేవాడివి. జైలుకెళ్లొచ్చాక నేను అమ్మనైపోయాను."

"ఏ మొహం పెట్టుకుని అనమంటావు?"

"సరే, పని కానీ. ఆ అవకాడో చెట్టు పక్కన, నిలువు లోతు తవ్వు."

"అక్కడ రాయి పడుతుంది."

"నా మొగుడు గాస్పార్ అక్కడే చిలగడదుంప వేసేవాడు. రాతిలో దుంప ఊరుతుందా?"

"రాయి కాకపోతే వేళ్లు. వేళ్లు తెగితే చెట్టు చచ్చిపోతుంది."

"చావనీ. నా చెట్టేగా."

"మరుగుదొడ్డికే కదమ్మా? కంచె అవతల, నా వైపు తవ్వి ఇస్తా. చోటు నాదే. కూలి కూడా వద్దు."

"నీ నేలలో నా దొడ్డా? ఈ కొండ మీద జానెడు నేల కోసం అన్నదమ్ములు కొట్టుకుంటారు. నువ్వు ఊరికే ఇస్తానంటే నేను నమ్మాలా?"

"ఇప్పుడందరం ఒక్కటే కదమ్మా. ఎవరు హుటూ, ఎవరు టుట్సీ అని గుర్తింపు కార్డుల మీద రాయడం కూడా మానేశారు."

"రేడియోలో విన్నాను. మా టుట్సీల్ని బొద్దింకలన్నదీ ఆ రేడియోలోనే విన్నాను."





"ఒకటి అడుగుతా, కోప్పడకు. అరటితోటలో తవ్వించావు. నీళ్లూరుతున్నాయని పూడ్పించావు. మేకల కొట్టం వెనక తవ్వించావు. వాసనొస్తుందని పూడ్పించావు. అలా ఆరు గోతులయ్యాయి. ఇది ఏడోది. అసలు నీ మనసులో ఏముంది? నీ వెనక ఎవరున్నారు?"

"నా వెనక ఎవరుంటారు? మిగిల్చారా?"

"అది కాదమ్మా, నా ఉద్దేశం..."

"గాస్పార్ ఏమయ్యాడో అడిగితే ఈ కొండ మీద ఒక్కడు నోరు విప్పలేదు."

"నేను విప్పానుగా. గచాచా పంచాయతీలో, పచ్చిక మీద కూర్చున్న ఊరందరి ముందూ చెప్పాను. గాస్పార్ని చంపి న్యాబరొంగో నదిలో పడేశామని ఒప్పుకున్నాను. అందుకే కదా శిక్ష తగ్గించారు."

"అప్పట్నుంచీ ఏటా, ఆయన పోయిన ఏప్రిల్ నెలలో, ఆ ఒడ్డున కూర్చుని ఏడుస్తున్నాను. ఎముకలు దొరికినవాళ్లు తమవాళ్లని కడిగి, తెల్లగుడ్డ చుట్టి మట్టి చేసుకున్నారు. నాకు నీళ్లే మిగిలాయి. సరే, తవ్వు."

"ఇవాళ నడుం పట్టేసింది."

"పొద్దున మేకని భుజాన వేసుకుని కొండెక్కావు."

"రేపొస్తాను."

"రేపొచ్చినా ఇక్కడే తవ్వమంటాను."

"అయితే ఇంకెవరినైనా పెట్టుకో."

"ఇంకెవరైనా అయితే తవ్వేస్తారు."

"అంటే?"

"ఏం లేదు. ఎందుకలా వెనక్కి జరుగుతున్నావు?"

"ఎండ."

"మబ్బు పట్టి ఉంది, కాలిస్తె."

"నాకు పిల్లలున్నారమ్మా. ఆ రోజు అబద్ధం చెప్పానని తెలిస్తే మళ్లీ లోపలేస్తారు."

"నాకు మరుగుదొడ్డి ఎప్పుడూ అక్కర్లేదు. నిన్నడిగితే నది అంటావు. అందుకని నీ పారనడుగుతూ వచ్చాను. ఆరు చోట్ల ఆడింది, ఇక్కడ ఆగింది. దాన్ని అక్కడే వదిలేసి వెళ్లు. ఇక నేను తవ్వుకుంటాను."