లప్పం కింద తుప్పు

హలో… ఆ, నేనే. ఒక్క క్షణం అన్నా, ఈ గ్రైండర్ ఆపి వస్తా… ఆ, ఇప్పుడు చెప్పు.

…

లేదు. ఇంకా కాలేదు.

…

సాయంత్రానికా? నేనే నీకు చేద్దామని పొద్దున్నుంచీ— ఔను, మూడుసార్లు ఫోన్ తీశా, మూడుసార్లూ పక్కన పెట్టా.

…

రంగు సంగతి కాదు. రంగు పూయడానికి ముందు బండంటూ ఉండాలి కదా.

…

హాస్యం కాదన్నా. అక్క పక్కనే ఉందా?… లోపల కుడుతోందా. మిషన్ చప్పుడు వినిపిస్తోందిలే. సరే, నువ్వు వసారాలోకి రా… వచ్చావా?

ఇదీ సంగతి. నువ్వు చెప్పింది వెనక సీటు కింద చిన్న కన్నం. ఒక ముక్క అతికిస్తే సరిపోతుందని నేనూ అదే లెక్కన మొదలుపెట్టా. సీటు విప్పా. రబ్బరు చాప పట్టి లాగేశా. చాపతో పాటు నేల కూడా ఊడొచ్చింది.

…

నేలంటే నేలే. అక్క కాళ్ళు పెట్టుకునే చోటు. ఎర్రటి పొడి, అట్టముక్కల్లాంటి పెచ్చులు. చీపురు పెట్టి ఊడ్చా అన్నా… ఇనుముని చీపురుతో ఊడ్చా.

…

అది పోతే పోయింది, కొత్త రేకు కోసుకుంటాం. అసలు గొడవ కింద ఉంది. రేకుని మోసే చట్రం… ఎడమ వెనక చక్రం పైన, స్ప్రింగు పట్టీ బిగించే చోటు. స్క్రూడ్రైవరుతో పొడిచి చూశా. పిడి దాకా దిగిపోయింది.

…

ఆ. చట్రంలోకే.

…

వెల్డింగు నిలవదన్నా! అతుకు పట్టాలంటే పక్కన గట్టి ఇనుము ఉండాలి. చిరిగిన చొక్కాకి మాసిక వేస్తాం, సాలెగూడుకి ఏం వేస్తాం? మంట సోకితే చాలు, కరిగి జారిపోతోంది. అరచేయంత కన్నం నా చేతుల్లోనే పళ్ళెమంతైంది.

…

బోల్టులతోనా… దేనికి బిగించను?

…

రెండేళ్ళ కిందటా?

…

ఔను. నేనే చేశా.

…

గుర్తుంది. "కొత్త రేకు వేశా, పదేళ్ళ దాకా అటువైపు చూడక్కర్లేదు" అని చెప్పా. ఈ నోటితోనే.

…

వేయలేదన్నా.

…

రేకు వేయలేదు… వింటున్నావా?

లప్పం పెట్టా. కన్నంలో వైరు జాలీ కుక్కి, పైన ఫైబర్ గుడ్డ అంటించి, దాని మీద లప్పం మెత్తి, నున్నగా తోమి, నల్లరంగు కొట్టా. చూడ్డానికి కొత్త బండిలా ఉందన్నావు నువ్వు.

…

డబ్బు కోసం కాదు! అన్నా, నీ దగ్గర నేనెప్పుడు… అది మాత్రం అనకు.

…

చెప్తా. చెప్పనీ. మర్నాడే బండికి ఫిట్‌నెస్ తనిఖీ, గుర్తుందా? ముందురోజు పొద్దున వెల్డింగు మొదలుపెట్టా. అతికించే కొద్దీ పక్కన కాలుతోంది. మధ్యాహ్నానికి చేతులెత్తేశా. నీకు చెబుదామని బయటికి వచ్చా కూడా. నువ్వు అప్పటికే ఇంకో మేస్త్రీతో మాట్లాడుతున్నావు. నన్ను చూసి భుజం మీద చెయ్యేసి, "వీడి చేతిలో పడితే ఇనుమైనా మాట వింటుంది" అన్నావు. అంతే. లోపలికెళ్ళి లప్పం కలిపా.

…

తర్వాతైనా చెప్పాల్సింది. ఔను.

…

ఔనన్నా.

…

వారం ఆగి చెబుదామనుకున్నా. వారం నెలైంది. ఈలోగా అక్కకి కిడ్నీలు పోయాయని డాక్టరు చెప్పాడు. ఇక వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి నువ్వు ఆమెని గుట్ట మీంచి అందులోనే దింపుతుంటే… ప్రతిసారీ ఆ గుట్ట మలుపు తలుచుకుని… బండి క్షేమంగా దిగిందని తెలిస్తే, చూశావా, ఏం కాలేదుగా అనుకునేవాణ్ణి. ఒట్టి పిరికిపంద ఆలోచన.

…

ఇంకోటి కూడా ఉంది. దాచను. నీళ్ళు కారిపోవడానికి కింద చిన్న చిన్న కన్నాలుంటాయి. లప్పంతో వాటినీ మూసేశా. రెండు వానాకాలాల నీళ్ళు లోపలే నిలిచాయి. ఆ ముసలి బండి దానంతట అది ఇంకో ఐదేళ్ళు లాగేదేమో. చంపింది నేనే.

…

తిట్టు.

…

తిట్టన్నా, పర్లేదు.

…

ఏంటీ?

…

రేపొక్క రోజా? వద్దు.

…

మెల్లగా దింపినా వద్దు! ఆ మలుపులో బరువంతా ఎడమ చక్రం మీదే పడుతుంది. అది ఊడితే పక్కన ఏముందో నీకు నేను చెప్పాలా?

…

తెలుసు. రేపు తొమ్మిదింటికి ఆమె వంతు. మానేస్తే ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరాడదు, అదీ తెలుసు. పోయిన ఏడాది ఆ ఒక్కసారి నేనూ ఉన్నాగా పక్కన.

…

రావద్దన్నా. వచ్చినా లాభం లేదు. నువ్వు తాడు కట్టైనా తోలుకుపోతావని నాకు తెలుసు. అందుకే…

…

అందుకే కోసేశా.

…

చట్రం. అడ్డంగా. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆపింది ఆ గ్రైండరే. ఇప్పుడది రెండు ముక్కలు. ఎవరూ తోలలేరు.

…

అన్నా?

…

ఉన్నావా?

…

వేరే చట్రం కోసం పాత సామాన్ల యార్డులు నాలుగింటికి ఫోన్ చేశా. ఒకచోట ఉందట. తెచ్చి, విప్పి, ఎక్కించేసరికి పది రోజులు. రేపటికి మాత్రం నా దగ్గరేమీ లేదు. ఏమీ లేదన్నా. పాలబండివాడో?… వానకి బురదని గుట్ట ఎక్కడం మానేశాడా. ఆసుపత్రి బండి?… కింద తారురోడ్డు దాకే. అంతేలే, దాన్నీ అనలేం.

…

ఏమైంది? మిషన్ చప్పుడు ఆగింది.

…

అక్కకి ఇవ్వకు. అన్నా, ఇప్పుడే ఇవ్వకు, నేనేం చెప్పను ఆమెకి—

…

అక్కా.

…

తిన్నా. తిన్నాలే.

…

ఎంతసేపట్నుంచి వింటున్నావు?

…

మొత్తమా.

…

నవ్వకక్కా. నువ్వు నవ్వుతుంటే నాకు ఏడుపొస్తోంది.

…

మానేస్తానంటావేంటి! ఒక్క పూటేగా అని… ఒక్క పూట కాదక్కా, పది రోజులు. పోయినసారి నీ చెప్పులు కాళ్ళకి పట్టకపోతే నేనే కత్తిరించా, మర్చిపోయావా?

…

నా గదికి వచ్చెయ్యి అంటే వస్తావా? ఇక్కణ్ణించి ఆసుపత్రి రెండు వీధులు… ఔను, నిచ్చెన మెట్లే. కింద రోజంతా పెయింటు వాసన. డాక్టరు అదీ వద్దన్నాడు కదూ. నేనే మర్చిపోయా. ఏది పట్టుకున్నా చేతిలోంచి జారిపోతోందక్కా ఇవాళ.

…

నన్నేమీ అననంటున్నావా… నువ్వు అనకపోతే మరీ కష్టంగా ఉంది. ఒక్క మాటైనా అను.

…

అది కాదు అనాల్సింది.

…

సరే… సరే, విను. నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుని దింపుదాం. రెండు వెదుళ్ళు కట్టి. తారురోడ్డు దాకా మూడు కిలోమీటర్లు, దిగడం గంటన్నర. అక్కడ ఆసుపత్రి బండి ఎక్కిద్దాం.

…

తిరిగి ఎక్కడం… దాని గురించి ఇంకా ఆలోచించలేదు. దిగనీ ముందు.

…

బరువేంటి నువ్వు? నీకంటే నా గ్యాస్ సిలిండరే బరువు.

…

అన్న ఎక్కడ? మన మాట విని బయటికెళ్ళాడా… మోయడానికి పొరుగువాళ్ళని అడగడానికా. ఆ మాటలు నీకు వినిపిస్తున్నాయా, ఎవరొస్తామన్నారు?

…

మేకలాయన ఒక్కడేనా? ఆయనకి మోకాళ్ళు నొప్పి కదా… పాపం, అయినా వస్తానన్నాడా. ఆయనా, అన్నా, ఇద్దరు. నాతో ముగ్గురు.

…

వెదుళ్ళ నాలుగో కొసకి మనిషి లేకపోతే ఒరుగుతుందక్కా. బురదలో.

…

అన్న వచ్చాడా? ఇవ్వు… ఇవ్వక్కా, పర్లేదు.

…

అన్నా, నేను రాత్రికే బయల్దేరి నడిచొచ్చేస్తా—

…

రావద్దా.

…

మొహం చూడనంటే చూడకు. నువ్వు ముందు పట్టుకో, నేను వెనక ఉంటా. నీకు కనబడను.

…

నన్ను తమ్ముడని పిలవద్దులే. కూలికి ఒక మనిషి కావాలి కదా, అలా అనుకో. నాలుగో మనిషే దొరకలేదు, మూడోవాణ్ణి కూడా వద్దంటే ఆమెని ఎలా…

…

…

ఇక్కడ పక్క షెడ్డులో టైర్లాయన ఉన్నాడు. గట్టి మనిషి. కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తా. వస్తాడో రాడో చెప్పలేను. అడుగుతా.

…

నిజమే. నా మాట మీద నమ్మకం పెట్టుకోకు. అతను నీ గుమ్మంలో నిలబడ్డాకే లెక్కలో వేసుకో.

…

ఎన్నింటికి?

…

ఐదు. సరే.

…

మాట్లాడను. నోరెత్తను. మోస్తా, అంతే.

…

అన్నా, ఆ ఎడమవైపు… మలుపులో లోయవైపు కొస నాకే వదిలెయ్యి. అటు నువ్వు—

అన్నా?

…పెట్టేశాడు.