చెరువు మీద టెంటు

డ్రైవరుగారికి గడ్డం గీయడానికి వారానికోసారి నేనే వాళ్ళింటికి వెళ్తాను. షుగరు ముదిరి ఎడమ కాలు మోకాలి దాకా తీసేసిన దగ్గర్నుంచి ఆయన ముందుగది దాటి బయటికి రాలేదు. చక్రాల కుర్చీ ఒకటి కొన్నారు గానీ అది గుమ్మం పక్కనే పడి ఉంటుంది. దాని మీద దుప్పట్లు ఆరేస్తుంటారు.

ఆ రోజు ఆయన మొహానికి సబ్బు నురగ పట్టించి కత్తి ఎత్తానో లేదో, కండక్టరుగారు వచ్చారు. వీళ్ళిద్దరూ జుట్టు నెరిసేదాకా ఒకే బస్సులో పనిచేశారు. వాళ్ళ రూట్లో ఒక నది, దాని మీద వంతెన, వంతెన దాటగానే పెద్ద చెరువు. అక్కడ స్టాపు లేదు. రోజూ చూడ్డమే తప్ప ఏనాడూ దిగింది లేదు. రిటైరయ్యాక ఆ చెరువు ఒడ్డున టెంటు వేసుకుని రెండ్రోజులు ఉండాలని అనుకున్నారు. ఇద్దరూ కలిసి టెంటు కూడా కొన్నారు. ఈలోగా కాలు పోయింది.

పోయిన వారం డ్రైవరుగారు నా ముందే తేల్చి చెప్పేశారు. "నా కోసం ఆగకు. నువ్వెళ్ళిరా. వచ్చి ఎలా ఉందో చెప్పు, అక్కడితో ఈ టెంటు గొడవ వదిలేద్దాం. మళ్ళీ నా దగ్గర చెరువు మాటెత్తొద్దు." ఆ మాట విని ఆయన భార్య వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

"వెళ్ళొచ్చానన్నా," అన్నారు కండక్టరుగారు, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

కోతలు కోసేటప్పుడు ఆయన నవ్వరు. సంతాపసభలో మాట్లాడుతున్నట్టు మొహం పెట్టి చెప్తారు. ఆయన గొంతు వినగానే పక్కింటి దర్జీ మిషను ఆపేసి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"జాగా చూసుకోవడమే అసలు పనన్నా. మనం అనుకున్న చోటే, వంతెన దిగి, నది చెరువులో కలిసే దగ్గర. నీళ్ళకి మరీ దగ్గరైతే తెల్లారేసరికి పక్క తడుస్తుంది, మరీ దూరమైతే ఇంట్లో పడుకున్నట్టే ఉంటుంది, చెట్టు కిందా వద్దు, ఎండుకొమ్మ విరిగి మీద పడుతుంది. అంచేత కాస్త మెరక చూసుకుని, గాలికి వీపు పెట్టి, గుడ్డ పరిచాను. నాలుగు మూలలా నాలుగు మేకులు పెట్టి, రాయి తీసుకుని కొట్టాను చూడూ, ఒక్కో మేకుకి ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ తిన్న మేకు లేదంటే నమ్ము."

"నేల బురదగా ఉండుంటుంది," అన్నాడు దర్జీ.

"బురదా? రాతినేలయ్యా బాబూ! నాలుగో మేకు దగ్గర నా చెయ్యి కాస్త జోరెక్కింది. అది దిగీ దిగీ ఎంత లోతుకి పోయిందంటే, కింద ఊట తగిలి నీళ్ళు బుస్సుమని టెంటు మధ్యలోంచి లేచాయి. నేనేం కంగారు పడలేదు. గిన్నె పట్టి, ఆ నీళ్ళతోనే స్టవ్వు మీద టీ పెట్టుకున్నాను. అటు తిరిగి చూస్తే చెరువు జానెడు తగ్గింది."

"అయ్యో, చేపలేమైపోవాలి మరిదీ?" అన్నారు డ్రైవరుగారి భార్య.

"నాకూ అదే బెంగ వదినా. అందుకే ఇంకో మేకు కొట్టలేదు."

నేను ఎడమ దవడ గీస్తున్నాను. మేకు మాట వచ్చినప్పుడల్లా నా వేలి కింద డ్రైవరుగారి దవడ బిగుసుకుంటోంది. "కదలకండి, తెగుతుంది," అన్నాను. మూతి చుట్టూ నురగ, గొంతు మీద కత్తి. ఆయన మాట్లాడే వీలు లేదు.

"సాయంత్రానికి గాలి లేచింది. మామూలు గాలి కాదు. అవతలి ఒడ్డున ఎవరో కాలేజీ కుర్రాళ్ళు టెంట్లు వేసుకున్నారు, అన్నీ కొంగల్లాగా బారులు తీరి లేచిపోయాయి. నేను తాడు విసిరి ఒక్కోదాన్నీ కిందికి దించి, మడతపెట్టి, ఎవరిది వాళ్ళకి అప్పజెప్పాను. నా టెంటు మాత్రం కదిలితే ఒట్టు! ఆ మేకులది ఉడుంపట్టు. దాంతో గాలికి రోషమొచ్చింది. మేకులు ఊడవు, తాళ్ళు తెగవు, గుడ్డ చిరగదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గాలి సిగ్గుపడి ఇంటికెళ్ళిపోయింది," అన్నాడు దర్జీ.

"నేల లేచొచ్చింది! మేకులు వదలకపోతే ఏం చేస్తుంది పాపం, నేలే ఊడొచ్చింది. ఈ గదంత ముక్క, గడ్డితో, టెంటుతో, స్టవ్వుతో, దాని మీద టీ గిన్నెతో సహా చెరువులోకి జారి తేలుకుంటూ బయల్దేరింది. టీ చుక్క తొణికితే అడుగు."

"తర్వాత?" అన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"తర్వాతేముంది, జనం ఎక్కడం మొదలెట్టారు. జనమంటే బాతులు, తాబేళ్ళు, ఒక జత నీటికుక్కలు. అలవాటు పోతుందా? 'లోపలికి జరగండి, లోపల బోలెడంత ఖాళీ ఉంది, ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దు' అని మొదలెట్టాను. ఇంతలో ఓ ముసలి మొసలి వచ్చింది, పళ్ళన్నీ ఊడిపోయినది. కుర్రబాతునొకదాన్ని లేపి దానికి సీటిప్పించాను. మహా మర్యాదస్తురాలు, ఎవరి కాళ్ళకీ తగలకుండా తోక ముడుచుకుని కూర్చుంది. అలా చెరువంతా దాటి, నదిలో పడి, ఏటికి ఎదురెక్కి మన వంతెన కిందికి వచ్చేశాం. పైన మన బస్సే వెళ్తోందన్నా! ఆ హారను నాకు తెలీదూ? ఠక్కున ఆగింది. జనమంతా కిటికీల్లోంచి చేతులూపారు. ఆ వంతెన మీద బస్సాగడం నా జన్మలో అదే చూడ్డం."

డ్రైవరుగారి భార్య తలుపుకి ఆనుకుని నిలబడిపోయారు. కండక్టరుగారి గొంతు కొంచెం తగ్గింది.

"వంతెన అవతల మలుపొచ్చింది. నది అక్కడ గిర్రున తిరుగుతుంది కదా, నువ్వు అస్తమానూ అనేవాడివి, ఇదే రోడ్డయితే రెండో గేరులో తిప్పాలిరా అని. నేను ముందుకి చూశాను. ముందు ఎవరూ లేరు."

ఆగిపోయారు. కోత మధ్యలో ఆయన ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

"విజిలేశాను," అన్నారు చివరికి. "వేస్తే ఏం లాభం, వినేవాడుండాలి కదా. సరే, ఏం చేస్తాం, ఒక మేకు పెరికి, దాన్నే గేరు రాడ్డులా ముందు పాతి, నేనే తిప్పాను. బాతులన్నీ రెక్కలు కొట్టాయి. ఒడ్డుకి తెచ్చి, నేలని ఎక్కడిదక్కడ అతికించి, నాలుగు మేకులూ శుభ్రంగా కడిగి, తుడిచి, మూటగట్టుకుని వచ్చేశాను. చాలా బాగుందన్నా. నువ్వూ చూసేసినట్టే అనుకో. ఇంక దాని గురించి బెంగ పెట్టుకోకు."

నేను తువ్వాలుతో మొహం తుడిచి అద్దం అందించాను. డ్రైవరుగారు అద్దం చూసుకోలేదు. కండక్టరుగారి వంకే కాసేపు చూసి, భార్యతో అన్నారు, "మంచం కింద సంచీ ఉంది చూడు, బయటికి లాగు."

ఆవిడ వంగి లాగారు. పొడుగాటి సంచీ, పైన వేలెడు దుమ్ము. జిప్పు తీస్తే టెంటు నిలబెట్టే రాడ్లు, వాటి పక్కన నాలుగు మేకులు. కొట్లో వేసిన రబ్బరుబ్యాండు కూడా తియ్యలేదు.

కండక్టరుగారు స్టూలు వెనక్కి జరిపారు.

"టెంటు కొన్న రోజు మన ఒప్పందం ఏంట్రా?" అన్నారు డ్రైవరుగారు. "ఒకణ్ణి వదిలేసి ఇంకొకడు చెక్కెయ్యకూడదని గుడ్డ నీ ఇంట్లో, రాడ్లూ మేకులూ నా ఇంట్లో. మొన్న నిన్ను వెళ్ళమన్నప్పుడు నాకూ గుర్తులేదు. నువ్వు మేకుల గురించి అన్ని డప్పాలు కొట్టకపోతే ఇప్పుడూ గుర్తొచ్చేది కాదు. రెండ్రోజులూ ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే. మీ మరదలి చేత బయట తాళం వేయించుకుని. చప్పుడు వినబడుతుందని ఫ్యాను కూడా వేసుకోలేదు."

దర్జీ నవ్వబోయి మానుకున్నాడు.

"వెళ్ళమన్నాను కదా?"

"అన్నావు. గుడ్డ చంకలో పెట్టుకుని బస్టాండు దాకా వెళ్ళాను. బస్సెక్కి కూర్చున్నాను కూడా. కదలబోతుంటే దిగిపోయాను." కండక్టరుగారు నేల చూపులు చూస్తూ అన్నారు. "నువ్వు లేకుండా ఆ వంతెన దాటడం నాకు చేతకాదన్నా. అలాగని నువ్వెళ్ళమన్నాక వెళ్ళలేదని నీతో ఎలా చెప్పను?"

డ్రైవరుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోకుండానే చెయ్యి చాచి, ఒక మేకు తీసి, అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు.

"అయితే మన బండి ఇంకా డిపోలోంచి కదల్లేదన్నమాట," అన్నారు.

ఆయన భార్య గుమ్మం దగ్గరికి వెళ్ళి, చక్రాల కుర్చీ మీద ఆరేసిన దుప్పట్లు ఒక్కొక్కటే తీసి మడతపెట్టడం మొదలుపెట్టారు.