చిలుక సైటుకు సున్నా

హలో… ఆ, నేనే సార్, సుమనను.

నమస్తే హెడ్‌మాస్టర్ సార్… ఏందీ?… ఇనవడ్తలేదు సార్, జర ఆగుండ్రి. కింద మగ్గాలు నడుస్తున్నయ్. డాబా మీదికి పోత.

…

ఆ, ఇప్పుడు చెప్పుండ్రి.

సూరత్ కొసకు, కోసాడ్ల ఉన్న సార్. ఊర్మిళ వాళ్లింట్ల… అవును, మన ఐదో తరగతి ఊర్మిళనే, దశరథం బిడ్డ.

ఎందుకొచ్చిననా? మీరే గద సార్, ఆ చదువుల వెబ్‌సైటు మన క్లాసుకు పనికొస్తదో లేదో చూసి చెప్పుమన్నరు. చూడనీకే వచ్చిన.

స్కూలు కంప్యూటర్ల చూస్తే ఏం లాభం సార్? కరోనాకు స్కూలుకు తాళమేసి ఏడాది దాటిపాయె. పిల్లలు యాడున్నరో ఆడ గూసొని చూడాలె గద.

సైటు మంచిదన్న కాయిదం మీద సంతకమా?… పెట్టలే సార్.

మర్చిపోలే. పెట్టలే. పెట్ట గూడ.

…

ఉషాదేవి మేడమ్ మీ పక్కనే ఉన్నరా? మంచిగయింది. ఇననీయుండ్రి. ఆమె ఒక్కతేంది, స్కూలు నడిపే ట్రస్టు మొత్తాన్ని పిలిసినా ఇదే చెప్త.

చూసిన సార్. చిలుక సైటు మొదటికెల్లి ఆఖరిదాంక చూసిన. ఎంత ముద్దుగుందనుకున్నరు! ఎగిరే చిలుక బొమ్మ, రంగులు, పాటలు, జవాబు బరాబరైతే పటాకులు గాల్తయ్. ఆల్థాన్ల, మీ ఎనిమిదో అంతస్తుల తలుపులేసుకొని చూస్తే పెండ్లికి పోయినట్టే ఉంటది.

ఈడ చూస్తే పీనుగ లేసిన ఇల్లు లెక్కుంది.

…అయ్యో, కోపం గాదు సార్. ఉన్న మాట చెప్తున్న.

వాల్యూమా? పెంచినం. ఆఖరిదాంక పెంచినం. మగ్గం కన్న పెద్దగ ఒర్రే ఫోను సూరత్‌ల దొరికితే చెప్పుండ్రి, నేనే కొనుక్కొస్త. కింద కార్ఖాన, పైన ఇల్లు సార్. ఈడ పలక ఒళ్లో పెట్టుకుంటే అదురుతది. నేను డాబా ఎక్కినా మీకు ఆ సప్పుడు రాట్లేదా?… వస్తుంది గద! మరి పిల్లలు దాని మీదనే గూసున్నరు.

ఇయర్‌ఫోన్లా? ముగ్గురు పిల్లలకు ఒక్క ఫోను, అది గూడ నాయన దిన్ పాలీకి, పగటి డ్యూటీకి, పోతే ఆయన జేబుల పోతది. మీరు ఇయర్‌ఫోన్ల ముచ్చట చెప్తున్నరు.

…

లేదు సార్, ఆగుండ్రి. 'పిల్లలకు శ్రద్ధ లేదు' అన్నరు గద, ఆ మాట వాపస్ తీసుకోండ్రి.

తీసుకోవాలె సార్. ఆ సైటు పెట్టిన పరీక్షల క్లాసు క్లాసంత సున్నా తెచ్చుకున్నదంటే పిల్లలు మొద్దులా, సైటు మొద్దుదా? గింత ఆలోచన రావొద్దా?

నాకు పిల్లల మీద ప్రేమ ఎక్కువైందా?… ఎక్కువే సార్. దాని కోసమే నన్ను పెట్టుకున్నరనుకున్న.

సున్నా ఎట్లొచ్చిందో చెప్తనంటున్న, ఇనుండ్రి. ఇన్నంక తిట్టుండ్రి.

మీరు రాజమండ్రి నుంచొచ్చిండ్రు, మీకు తెల్వకపోతే తప్పు గాదు. మా మగ్గాలోళ్లు మాట చెవుల తోని ఇనరు. కండ్ల తోని ఇంటరు… అవును, మూతి చూసి. పెదువులు ఎట్ల మెదుల్తున్నయో చూసి. మా నాయన నరహరి జిందగీ అంత మగ్గాల నడుమనే. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు గూడ మా అమ్మ మూతి దిక్కే చూసేటోడు. నేను గూడ గిట్లనే పెరిగిన. ఈ ఊర్మిళ నాయనమ్మ కొమురవ్వ, ఆ కొసకున్నోనికి దారం తెగిందని చెప్పాల్నంటే ఒర్రదు. పెదువులు మెదుపుతది, వాడు ఉరుకొస్తడు.

మాస్కులొచ్చినంక కార్ఖానల మాటనే బందయింది సార్. మాట్లాడాల్నంటే మాస్కు కిందికి గుంజుడు, మళ్ల పెట్టుకునుడు. సేఠ్‌ తిట్టుడు.

కథ గాదు! సైటు ముచ్చటే చెప్తున్న.

చిలుక పక్కన లెక్కలు చెప్పే అక్క ఉంటది గద? ఆమె మాట్లాడింది హిందీల. సైటోళ్లు దాని మీద తెలుగు గొంతు అతికిచ్చిండ్రు. తెలుగు మాట పొడుగు, హిందీ మాట పొట్టి. గొంతు ఎనకవడ్డది. అక్క మూతి రెండో ప్రశ్న అడుగుతుంటే గొంతు ఇంకా మొదటి ప్రశ్న కాడనే ఉన్నది.

అర్థమైందా సార్?… కాలేదా?

మన పిల్లలకు గొంతు ఇనవడదు, మూతి కనవడ్తది. సూరత్‌ల పుట్టిన పిల్లలు, హిందీ వాళ్లకు నీళ్లు తాగినట్టు. మూతి చూసి రెండో ప్రశ్నకు జవాబు నొక్కిండ్రు. సైటేమో మొదటి దాని జవాబు కోసం చూస్తుంది. 'తప్పు' అన్నది. మళ్ల నొక్కిండ్రు, మళ్ల 'తప్పు'. ఇగ ఆఖరిదాంక అదే వరస.

అన్నీ సరైన జవాబులే సార్! ఒక ప్రశ్న ముందుకు జరిగి ఉన్నయ్, అంతే. ఊర్మిళ జవాబులు నేను జరిపి చూసిన. ఒక్కటి తప్పు లేదు. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్న.

…

ప్రశ్న స్క్రీను మీద అక్షరాలల్ల ఎందుకు లేదని అడుగుండ్రి వాళ్లను. చిలుకకు రెక్కలు పెట్టనీకి దొరికిన జాగ ప్రశ్న రాయనీకి దొరకలేదా? పైంగ అసలు మాటొచ్చేసరికి ఆ చిలుక ఎగిరొచ్చి అక్క మూతికి అడ్డం కూసుంటది. దాని మెడ పిసుకుదామనిపించింది నాకు.

…నవ్వుతున్నరా? మేడమ్ నవ్విండ్రా? నవ్వుండ్రి.

వేరే సైట్లు గూడ చూసిన. ఒక దాంట్ల బట్టతల ముసలి సారొకాయన ఉన్నడు. నల్లబోర్డు, సుద్దముక్క, అంతే. పాటల్లేవు, పటాకుల్లేవు. కానీ తెలుగుల మాట్లాడి తెలుగుల తీసిండ్రు, మొఖం ఇంత పెద్దగ కనవడ్తది, ప్రశ్న బోర్డు మీద రాసి ఆగుతడు. పిల్లలు టక్కున పట్టేసిండ్రు. ఏ టైముకైనా చూసుకోవచ్చు, నాయన పాలీ నుంచి వచ్చినంక ఫోను దొరికితే గూడ నడుస్తది. అది పెట్టుకుందాం. దానికైతే రెండు చేతులతోని సంతకం పెడ్త.

…

చూడనీకి బాగలేదా?

సార్, పిల్లలకు చదువు చెప్పాల్నా, మీటింగ్‌ల మనుషులకు సినిమా చూపియ్యాల్నా?

…ఎక్కువ మాట్లాడ్తున్ననా? మాట్లాడ్త. నేను మాట్లాడకపోతే ఆ మార్కులు చూసి వీళ్లను ఆరో తరగతిలకు తీసుకోరు మీరు. ఈ పిల్ల ఫెయిలయితే దశరథం ఏమన్నడో తెలుసా? 'ఇగ చదువు చాలు, కింద దారం బాబిన్లు చుట్టుకుంటది' అన్నడు. మంచి మనిషే, కానీ సున్నా చూసినంక ఆయన మాత్రం ఏం జేస్తడు? ఎదురుగ నిలవడి 'నా బిడ్డ మొద్దు గాదు' అనే ధైర్యం ఆయనకు యాడుంటది? ఆ మాట నేనంట.

టెంపరరీ టీచర్‌నే. తెలుసు.

తీసేస్తరా?… తీసేయుండ్రి. కానీ సైటు మంచిదని నా చేత్తోని రాయిచ్చుకొని, ఆ కాయిదం చూపిచ్చి పిల్లల్ని ఫెయిల్ చేస్తమంటే మాత్రం నడవది. నా పానం పోయినా రాయ.

…ఏందీ మేడమ్ అంటున్నది?

మూతి చూసి ఇనుడు అంత ఉత్తదా? సాకులా?

సరే. అయితే ఫైసలా ఇప్పుడే చేసుకుందాం. వీడియో పెట్టుండ్రి సార్. ఇప్పుడే, ఇక్కడికిక్కడే. నేను కిందికి దిగుతున్న. ఊర్మిళా! ఇట్ల రా బిడ్డా, పలక పట్టుకొచ్చుకో!… భయమెందుకే, మన సారే గద.

కొమురవ్వా, ఆ కిటికీ తీయ్. మొత్తం తీయ్. మగ్గాల సప్పుడు లోపలికి రానీయ్.

…

హలో! సార్! గట్టిగ మాట్లాడ్తున్న, ఇనవడ్తుందా? నా ఫోన్ల సప్పుడు మొత్తం బంద్ చేసిన. మీ గొంతు ఇగ మాకు రాదు. ఫోను ఊర్మిళ దిక్కు తిప్పి ఎనక నిలవడ్త. మీ మొఖం దానికే కనవడ్తది, నాకు గూడ కనవడది. అడుగుండ్రి ఏమడుగుతరో. మాస్కు తీయుండ్రి మరి, ఇంట్లనే ఉన్నరు గద!

…

రాసినవా? చూపియ్ సారుకు. ఎనభై నాలుగు… ఏమడిగిండు? పన్నెండేడ్లా? ఆ!

ఏమంటుండు బిడ్డా?… 'ఇది అందరికీ వచ్చే ఎక్కం' అంటుండా? అయితే అందరికీ రానిది అడుగుమను.

…ఎనిమిది. దేనికే ఎనిమిది?… ఇరవై నాలుగుల మూడో వంతు. బరాబర్! చూపియ్, పలక ఇంకా దగ్గరికి పెట్టు, మేడమ్‌కు గూడ కనవడాలె.

ఇంకేమడుగుతుండు?… గాంధీనగర్. గుజరాత్ రాజధాని అడిగిండా? లెక్కలు ఒడిసినయా సారుకు?

చూసిండ్రా సార్? చూసిండ్రా మేడమ్? మా మాట సాకా?… ఏమన్నడు ఊర్మిళా?

'ఒక్క నిమిషం' అన్నడా. సరే, ఆగుదాం.

…

ఏందే, ఎందుకట్ల చూస్తున్నవ్?

మైకు మీద గీత పడ్డదా? మ్యూట్ చేసుకున్నడన్న మాట. మనకు రాని గొంతుకు మ్యూటెందుకో!… మేడమ్ దిక్కు తిరిగి మాట్లాడ్తుండా? పక్కకు తిరిగినా మూతి కనవడ్తుందా నీకు?

చెప్పు… భయపడకు, నేనున్న. నువ్వేం తప్పు చేయలే. చూసింది చెప్తున్నవ్.

ఏందీ?… మళ్ల చెప్పు. నా దిక్కు తిరిగి మెల్లగ చెప్పు.

…

గట్లన్నడా.

…

సార్. మ్యూట్ తీస్తే తీయుండ్రి, లేకుంటే లేదు. నా మాట మీకు ఇనవడ్తది గద, చాలు. మీరు ఇప్పుడే మేడమ్‌తోని ఏమన్నరో చెప్పాల్నా? 'పిల్ల చురుకైనదే, కానీ సైటు ఖాయమైపోయింది. సుమన సంతకం పెట్టకపోతే మనమే పెట్టేద్దాం, ఎవరు చూడొచ్చారు' అన్నరు. మేడమేమో 'మెల్లగా' అన్నది.

అవునా, కాదా?

మెల్లగ అన్నా మాకు ఒకటే మేడమ్! ఇంత సప్పుడుల ఇనేటోళ్లకు మెల్లగేంది, గట్టిగేంది!

ఇప్పుడేమంటుండే?…  మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడా! అయ్యో సార్, చెయ్యెందుకు, చిలుకను పెట్టుకోండ్రి!

కొమురవ్వా, ఆగు, నవ్వకు. నవ్వే యాళ్ల గాదిది.

సార్, ఇనుండ్రి. నేను మిమ్ముల్ని బద్నాం చేయనీకి రాలే. ఈ ముచ్చట ఈ అర్ర దాటి పోవాల్నా వద్దా అన్నది మీ చేతుల్నే ఉన్నది. నా పేరు మీద ఎవరన్న సంతకం గీకితే మాత్రం గల్లీ గల్లీ తిరిగి చెప్త. చిలుక సైటుకు నేను ఏసిన మార్కు సున్నా. అదే రాస్త, దాని కింద సంతకం పెడ్త. పిల్లల సున్నాలు కొట్టేయుండ్రి. వాళ్లకు మళ్ల పరీక్ష నేను పెడ్త, ఒక్కొక్కరింటికి పోయి, పలక మీద. మీరు గూడ రాండ్రి, చూడుండ్రి.

చెప్పుండ్రి సార్. చెయ్యి తీసి చెప్పుండ్రి. ఈ పిల్ల ఫెయిలా?

…

ఏమన్నడే?

ఏందీ… కట్ చేసిండా?

…పోనీ. కట్ చేసే ముందు ఏదన్న అన్నడా? చెయ్యి తీసిండా?… తీసిండా! మేడమ్ దిక్కు చూసిండా, నీ దిక్కు చూసిండా?

నీ దిక్కే చూసి అన్నడా? ఏమన్నడు? దాయకు, నన్ను తిట్టినా చెప్పు.

…

'నువ్వు పాసేలే తల్లీ, అందరూ పాసే' అన్నడా?

ఒట్టు?… ఇంకేమన్నడు? 'మీ టీచర్ను తట్టుకోలేం' అన్నడా!

ఇగో, ఏడ్వకు. నేనేడుస్తలే, కండ్లల్ల దూది నుసి వడ్డది. కొమురవ్వా, దశరథం పాలీ దిగి వచ్చేసరికి నువ్వే చెప్పు, బాబిన్ల ముచ్చట ఇగ ఎత్తొద్దని.

ఫోను ఆడ పెట్టు బిడ్డా, వేడెక్కింది. పుస్తకం తీయ్… అది గాదు, ఐదోది గాదు.

ఆరో తరగతిది తీయ్.