కండక్టరు లేని కారు

జార్జియా దేశంలో ఒక్క బండి మాత్రమే పట్టే కొండదారి. అద్దె కారులో ఆర్టీసీలో రిటైరైన మార్కాపురం డ్రైవరు హుస్సేన్, పక్కన రంగుల దుకాణం నడిపే ఆయన భార్య జమీలాబీ. ఎదురుగా ఇంకో కారు, దాన్ని నడిపేది ఒక ముసలావిడ.

"మళ్లీ కొట్టినావా లైటు?"

"కొట్టక? నేనొస్తాండా, నువ్వాగు అని చెప్పొద్దా ఆ అవ్వకి?"

"ఆగిందా మరి?"

"ఆగుతాది."

"ఆగలేదయ్యా. ఇంకో బారెడు ముందుకొచ్చింది."

"దోర్నాల ఘాట్‌లో ముప్పయ్యేండ్లు తోలినా జమీలా. మనం లైటు కొడితే లారీ అయినా, లారీ తాత అయినా ఆగాల్సిందే."

"ఇది దోర్నాల కాదు. జార్జియా."

"కొండ యాడైనా కొండే. ఉండు, ఈసారి రెండు మాట్లు కొడతా."

"వద్దు, వద్దు... కొట్టనే కొట్టినావు. చూడు, రెండు బారలొచ్చింది. పైగా నవ్వతా చెయ్యి ఊపుతాంది."

"ఏం మనిషి! ఈమెకు లైసెన్సు ఎట్లిచ్చినారో."

"నీకిచ్చినట్టే. పొద్దున అలవాటు కొద్దీ కుడి డోరు తీసి కూర్చోని, బిస్మిల్లా అని చెయ్యి చాపితే ఆడ స్టీరింగే లేకపాయె. కారు అద్దెకిచ్చిన ఆ కార్లోడు నవ్వాపుకోలేక లోపలికి పోయినాడు."

"ఎడమ పక్కన పెట్టుకుంటే ఎవురికి తెలుస్తాది? అయినా సర్దుకున్నానా లేదా? ఊరు దాటేదాకా బండికి ఒక్క గీత పడిందా?"

"పడలేదు. నేను చెప్తానే ఉంటి కదా."

"అదే నేననేది. ఎర్ర పడింది ఆగు, పచ్చ పడింది పోనీ! ప్రతి సిగ్నల్ కాడా ఒకటే మోత. నాకు కండ్లు లేవా?"

"నా నోరు ఊరుకోదులే."

"నువ్వు కండక్టరుగా పుట్టాల్సింది."

"ఆ సంగతి తర్వాత. ముందు అవ్వను చూడు. నువ్వు లైటు కొట్టినప్పుడల్లా దగ్గరికొస్తాంది. నాకేమనిపిస్తాందంటే, ఈళ్ల దేశంలో లైటు కొట్టడమంటే 'నేనాగినా, నువ్వు రా తల్లీ' అని ఏమో."

"ఛ!"

"ఛ ఏంది? నువ్వు పిలుస్తాండావు, ఆమె వస్తాంది."

"అంటే ఇందాకట్నుంచి నేను..."

"నాలుగు మాట్లు పిలిచినావు. ఇంకోసారి పిలిస్తే వచ్చి నీ ఒళ్లో కూర్చుంటాది."

"నవ్వు, నవ్వు. టూరు నీది కదా, ఎంతైనా నవ్వతావు."

"ఇప్పుడు టూరు మాటెందుకయ్యా?"

"ఎందుకా? రంగుల కంపెనీ డీలర్లకు టూరిచ్చింది. డీలరు నువ్వు. టూరు బస్సులో నన్నేమంటాండారో తెలుసా? జమీలాబీ గారి హస్బెండు. ఆ గిద్దలూరు డీలరు గురుస్వామి మూడ్రోజులు నా పక్కన కూర్చోని తిన్నాడు, నా పేరు కూడా అడగలే."

"అడక్కపోతే నువ్వే చెప్పాల."

"నేను చెప్పుకునేదేంది? అందుకే, హోటల్లో నా దిండు మీద ఆ అద్దె కార్లోళ్ల కాగితం కనపడంగానే అనుకున్నా. ఈ ఒక్కరోజన్నా వాళ్లెవరూ లేకుండా, నా చేత్తో తోలుకుంటా నిన్ను కొండపైకి తీసుకొని పోవాలని. ముప్పయ్యేండ్లు ఊరందర్నీ తోలినా. నువ్వెప్పుడన్నా నా పక్కన కూర్చున్నావా?"

"ఆడోళ్ల సీట్లో కూర్చున్నా. డ్రైవరు భార్యనని చెప్పినా ఇనకుండా అబ్రహాము నాకు టికెట్టు కొట్టినాడు."

"అబ్రహాము అంతే. కండక్టరంటే వాడు."

"సరే, కొండెక్కాలంటే ముందు అవ్వకు దావ ఇయ్యాల. వెనక మలుపు కాడ కాస్త జాగా ఉంది. రివర్సు పోనీ."

"ఆమెనే పొమ్మను."

"పిలిచింది నువ్వు. పిలిస్తే వచ్చినామెను వెనక్కి పొమ్మంటే బాగుంటాదా?"

"అది కాదు జమీలా... రివర్సు..."

"ఏంది? రాదా?"

"రాకేం! మా ఆర్టీసీలో కండక్టరు దిగి, వెనక నిలబడి ఈల కొట్టందే బండి జానెడు కూడా వెనక్కి పోగూడదు. ఒంటిగా ఎప్పుడూ తీయలే."

"దీంట్లో టీవీ ఉంది కదయ్యా. గేరెయ్యి... ఆఁ, చూడు, వెనకదంతా ఎట్ల కనపడతాందో. ఎర్ర గీత గోడకు ఆనకుంటే చాలని చెప్పినాడు కార్లోడు."

"ఏ గీత?"

"ఎర్రది."

"యాడ?"

"అదిగో, ఆ పచ్చగీత పక్క... వద్దు, వద్దులే. టీవీ ఎందుకు మనకి? నేను దిగి చెప్తా."

"నీకేం తెలుసు చెప్పడం?"

"అబ్రహాము అరుపులు ఎన్నేండ్లు ఇన్నా! ఊఁ, ఇంక నన్నే చూడు. రానీ... రానీ... అట్లే రానీ... కుడికి కొయ్యి... కుడికయ్యా, నీ అన్నం తినే చెయ్యి... రానీ, రానీ... హోల్డాన్!"

"వెనక ఎంతుంది?"

"మూరెడు. దిగి కొలుస్తావా?"

"వద్దులే, నమ్మినా. అవ్వ నీ కాడ ఆగింది. ఏందో అంటాంది."

"నాకేం అర్థమైతాది? సలాం చెప్పినా. ఆమె కూడా ఏందో చెప్పి, ఈ ఆపిల్ చేతిలో పెట్టి పోయింది. ఇందా, తిను. రివర్సు తీసినందుకు."

"పండిందేనా?"

"కొరికి చూడు."

"జమీలా."

"ఏంది?"

"చూస్తే తెలియడంలే నాకు. పండో, కాయో."

"కండ్లజోడు పెట్టుకో."

"జోడుకు తెలిసేది కాదు. ఎర్రకూ పచ్చకూ నాకు తేడా తెలియడంలే. ఆర్టీసీ డాక్టరు ఎప్పుడో కనిపెట్టినాడు. రిటైరయ్యే ముందు రెండేండ్లు నాకు స్టీరింగే ఇయ్యలే."

"సరేలే, ముందు పండు తిను."

"చెప్పనీ. ఇంతకాలం చెప్పలేక చచ్చినా. శ్రీశైలం డ్యూటీ అని ఖాకీ వేసుకొని, నువ్విచ్చిన క్యారేజీ పట్టుకొని పోయినా కదా? అదంతా అబద్ధం. డిపోలో టైర్ల గదిలో కూర్చోని తిన్నా ఆ అన్నం."

"ఆ గదిలో ఉక్క. అందుకే కదా మజ్జిగ ఎక్కువ పోసి పంపేదాన్ని."

"ఏమన్నావు?"

"మజ్జిగ అన్నా. అబ్రహాము మొదటి వారమే దుకాణానికొచ్చి చెప్పినాడు. నాకు టికెట్టు కొట్టినోడు నీ గుట్టు దాస్తాడా?"

"రెండేండ్లు! తెలిసి కూడా అడగలేదా నువ్వు?"

"ఎట్ల అడిగేది? ఇంటికి రాంగానే, ఈ రోజు ఘాట్‌లో చిరుత అడ్డమొచ్చిందనేవాడివి. మర్నాడు లారీ అడ్డం పడిందనేవాడివి. ఎంత బాగా చెప్పేవాడివయ్యా! ఇనబుద్ధయ్యేది. చెడగొట్టబుద్ధి కాలే."

"మరి నేను రిటైరై దుకాణంలో కూర్చోంగానే... డబ్బాల మీద రంగుల పేర్లు ఇంతింత అక్షరాలతో రాయించినావే..."

"గిరాకీ కోసమనుకున్నావా?"

"యా అల్లా! అంతా తెలిసీ, పరాయి దేశంలో నా పక్కన కూర్చున్నావా? భయం లేదా నీకు?"

"భయమెందుకు? ఊరు దాటేదాకా పదకొండు సిగ్నళ్లొచ్చినాయి. ఒక్కటన్నా నీకు చెప్పకుండా వదిలినానా?"

"అయినా తప్పే జమీలా. కారు తీసుకోవాలని నాకు బుద్ధి పుట్టినప్పుడే వద్దని చెప్పాల్సింది."

"నీకు బుద్ధి పుట్టిందా? సిగ్నళ్లు లేని కొండ యాడుందో హోటల్లో అడిగి తెలుసుకున్నాకే, ఆ కార్లోళ్ల కాగితం నీ దిండు మీద పెట్టినా నేను. ఊఁ, ఇంక దావంతా నీదే. రైట్ రైట్, పోనీ!"