నిచ్చెన వదిలిన చెయ్యి

మీ తమ్ముడికి గుండెపోటు రాలేదు వదినా. నేను నిచ్చెన వదిలేశాను, ఆయన పడ్డారు. జరిగింది అదీ.

కూర్చోండి. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, చూసుకుని.

ఆదివారం మా జిరాక్స్ షాపు బోర్డు సరిచేస్తానని ఎక్కారు. "వదలకు" అన్నారు. "మీ బరువుకి నిచ్చెన ఎక్కడికీ పారిపోదులెండి" అన్నాను. ఇంతలో ఎవరో వచ్చారు, రెండు పేజీలు కావాలని. రెండంటే రెండు. ఎంతసేపులే అనుకున్నాను. మెషిన్ మూత వేసేలోపే చప్పుడైంది.

తలకి దెబ్బ తగిలిందని మీకు తెలుసు. రెండో రోజు సంగతి పూర్తిగా తెలియదు. బీపీ పడిపోయింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, గుండె సరిగ్గా పంపు చెయ్యడం లేదన్నారు. పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచి, పడకముందు ఛాతీ నొప్పి గానీ, కళ్ళు తిరగడం గానీ ఏమైనా చెప్పారా అని అడిగారు.

ఏం చెప్పాననుకున్నారు? "ఏదో నలతగా ఉందన్నారండీ" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. గుండే ముందు దెబ్బతింటే, నా చెయ్యి ఉన్నా లేకున్నా ఒకటే కదా. ఆ క్షణం ఎంత హాయిగా ఉందో. చదువుకున్నదాన్నని పేరొకటి.

ఆ, గుండెపోటొచ్చి పడ్డారని ఫోన్లో మీకు చెప్పిందీ అబద్ధమే.

మీరేమో వచ్చినవాళ్ళందరితో, "మా నాన్నదీ గుండే, వీడికి ముందే పరీక్షలు చేయించాల్సింది, తప్పు నాదే" అని ఏడ్చారు. నేను పక్కన కూర్చుని మీ వీపు నిమిరాను. సిగ్గుండాలి.

పొద్దున్న సంతకం పెట్టమని కాగితం తెచ్చారు. గుండెపోటే అయితే రక్తం పలచబడే మందు ఎక్కించాలట. దాంతో తలలో మళ్ళీ రక్తం కారొచ్చట. పెన్ను నా చేతిలోనే ఉంది. అప్పుడు చెప్పాను. "నలతా లేదు, గిలతా లేదండీ. ఈల వేసుకుంటూ ఎక్కారు. నేను వదిలేశాను."

డాక్టరుగారు తిట్టలేదు. కాగితం వెనక్కి తీసుకున్నారు, అంతే. తలకి పెద్ద దెబ్బ తగిలితే ఆ అదురుకి గుండె కూడా మొద్దుబారుతుందట. చాలామందికి మెల్లగా కోలుకుంటుందట. ఈయనకేమవుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

అలా చూడకండి. సరే, చూడండి.

మీ వంశంలో గుండెజబ్బు ఉంటే ఉండొచ్చు, ఇది మాత్రం నా చేతి పని. ముందు నా చెయ్యి, తర్వాత తల, ఆ తర్వాతే గుండె. ఎవరడిగినా ఇదే చెప్పాలని అక్కడే అనుకున్నాను. లిఫ్టు దగ్గర మీ బాబాయిగారు అడిగితే చెప్పాను. చేతికర్ర జారవిడుచుకున్నారు, నేనే తీసిచ్చాను.

మీకు చెప్పడానికే భయపడ్డాను. చెప్పేశాను.