వరస తేలింది

ఆస్ట్రేలియాలో ముర్రే నది ఒడ్డున ఆదివాసీ మహిళల నాయకత్వ శిబిరం. కంగారూ తోక నిప్పుల్లో కాలుతోంది. పక్కనే యాభై ఏళ్ళావిడా, ముప్పై ఏళ్ళామే బంగాళదుంపల చెక్కు తీస్తున్నారు.

“ఏమ్మాయ్, పల్చగా తియ్యి! మా క్లినిక్‌లో నలభై మంది నేను గీసిన గీత దాటరు.”

“మరి ఇక్కడికెందుకొచ్చారు ఆంటీ?”

“విశ్రాంతి తీసుకోమని డాక్టరు గొడవ. ఇంతకీ నువ్వెవరి పిల్లవి?”

“ఎల్సీ కూతుర్ని. చర్చి మిషన్‌లో పుట్టిన పన్నెండు మంది తోబుట్టువుల్లో ఆఖరి ఎల్సీ.”

“అయ్యో, వాళ్ళందరికీ పెద్దావిడే మా అమ్మమ్మ!”

“అంటే మీ అమ్మా నేనూ అక్కచెల్లెళ్ళం. నేను నీకు పిన్నిని.”

“నువ్వా? నా కూతురి వయసు లేదు నీకు!”

“వరసకి వయసుతో పనేంటి? మనలో పిన్నంటే అమ్మే. ముందు ఆ కత్తి కిందపెట్టు. పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా?”

“లేదు... ఫోన్లొస్తూనే ఉన్నాయి.”

“ఆ ఫోనిటివ్వు. కూర్చో, టీ తెస్తా. చక్కెరెంత?”

“మూడు చెంచాలు.”

“డాక్టరెంత వేసుకోమన్నాడు?”

“...ఒకటి.”

“అబద్ధాలాడితే అదీ ఉండదు. ఏంటా కళ్ళనీళ్ళు? అంత గట్టిగా అన్నానా?”

“అమ్మ పోయాక నన్నిలా కసిరినవాళ్ళే లేరు పిన్నీ.”

“శిబిరం ఇంకా మూడ్రోజులుంది. కావలసినంత కసురుతా, తాగు.”