అడిగినంతవరకే చెప్పు నాన్నా

“ఆంటీ, మా ఆఫీసుకి డేటాబేస్ కంపెనీ వాళ్ళ దగ్గర్నుంచి లైసెన్స్ ఆడిట్ అని మెయిలొచ్చింది. మీరు హామిల్టన్‌లో పనిచేసేటప్పుడు కూడా ఒకసారి వచ్చిందని మా అమ్మ చెప్పింది. ఏమైంది అప్పుడు?”

అయ్యో, మీకూ వచ్చిందా? వాటర్లూ దాకా వచ్చేశారన్నమాట. కూర్చో కిరణ్, ఆ కోటు ఎక్కడో అక్కడ పడెయ్. చెప్తాను. ఇది ఎవరికీ చెప్పబుద్ధి కాదు నాకు, కానీ నీకు చెప్పాలి.

మా ఆఫీసంటే లారీలకి స్ప్రింగులు చేసే ఫ్యాక్టరీ, తెలుసుగా. నేను అందులో డేటాబేస్ చూసేదాన్ని. ఆర్డర్లు, స్టాకు, జీతాలు, అన్నీ దాంట్లోనే. అది ఆగిందంటే గేటు దాటి ఒక్క లారీ పోదు. కెనడా వచ్చి నేను అందులో చేరిన కొత్తలో మీ అంకుల్‌కి ఇంకా ఉద్యోగం లేదు, ఓ బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. అప్పుడు వంద డాలర్లు పట్టుకెళ్తే కారు డిక్కీ నిండేది. మొన్న వందకి ఏమొచ్చాయో తెలుసా, ఓ బియ్యం బస్తా, నూనె, నాలుగు వంకాయలు. ఆ వంకాయలూ పుచ్చులే... ఏం చెప్తున్నాను? ఆఁ, లైసెన్సు.

నీకు తెలియందేముంది, డేటాబేస్ మనం కొనుక్కునేది కాదు. వాడుకునే హక్కుకి డబ్బు కడతాం, మెషీన్‌లో ఒక్కో ప్రాసెసర్‌కి ఇంత అని. కట్టాం కదా, అయిపోయిందా అంటే అవ్వదు. సపోర్ట్ అని ఏటేటా మళ్ళీ కట్టాలి. అది పెరగడమే గానీ తగ్గడం నా సర్వీసు మొత్తంలో చూడలేదు. మా ఓనరు ముసలాయన ఆ బిల్లు వచ్చినప్పుడల్లా నన్ను పిలిచి, “విమలా, ఈ డబ్బుతో ఇంకో కొలిమి పెట్టుకునేవాణ్ణి” అనేవాడు. పాపం, మంచివాడే.

అప్పుడొచ్చాడు సుధాకర్. వరంగల్ అబ్బాయి. హైదరాబాద్‌లో ఏదో పెద్ద సర్వీసెస్ కంపెనీలో చేసి ఇక్కడికొచ్చాడు. మా సర్వర్లన్నీ అతనే చూసేవాడు. ఆఫీసులో నన్ను మేడం అనేవాడు, ఇంటికొస్తే ఆంటీ. భార్య సంధ్య, చంటిపాప. అతని వర్క్ పర్మిట్ మా కంపెనీ పేరు మీదుంది, ఇంకోచోట చెయ్యడానికి లేదు. ఇక్కడే ఉండిపోడానికి పీఆర్‌కి అప్లై చేసుకుని ఎదురుచూస్తున్నాడు.

ఆ అబ్బాయి ఏం చేశాడంటే, మా పాత సర్వర్లన్నీ తీసేసి కొత్తవి తెప్పించి, అన్నిటినీ ఒక గుంపుగా కలిపాడు. గుంపులో ఒకటి పాడైతే దాని పని పక్కదాని మీదకి దానంతటదే పోతుంది. కరెంటు బిల్లు తగ్గింది. రిపేర్లు తగ్గాయి. ముసలాయన కిందకి దిగొచ్చి మరీ అతని చెయ్యి కలిపాడు. డేటాబేస్‌ని మాత్రం ఓ మూల, మేం ఎన్నిటికి డబ్బు కట్టామో అన్ని ప్రాసెసర్ల మీదే కట్టేసి ఉంచాడు. ఎక్కువ వాడలేదు. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, ఒక్కటి కూడా ఎక్కువ వాడలేదు.

తర్వాత ఇదిగో, నీకొచ్చినట్టే మాకూ మెయిలొచ్చింది. కట్టినదానికంటే ఎక్కువ వాడుతున్నామేమో లెక్క చూడ్డానికి ఇద్దరు దిగారు. ఓ పెద్దాయన, ఓ అమ్మాయి. ఎంత మర్యాదనుకున్నావ్! మాకు డోనట్లు కూడా వాళ్ళే తెచ్చారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, ఊరికే డోనట్లు ఎవరు తెస్తారు?

ఆ అమ్మాయి అడిగింది ఒకే ఒక్క ముక్క. మీ డేటాబేస్ ఏ సర్వర్ మీద నడుస్తోంది అని. పేరు చెప్పి ఊరుకోవాలా వద్దా? మనవాళ్ళకో జబ్బుంది చూడూ... క్లయింట్ ఎదురుగా కూర్చుంటే చాలు, అడిగినదానికి పదింతలు చెప్పాలి. అన్నీ తెలుసనిపించుకోవాలి. అక్కడ ఇండియా ఆఫీసుల్లో మనకి ముందు నేర్పేదే అది. నేనూ అక్కణ్ణుంచి వచ్చినదాన్నేగా! సుధాకర్ లేచి, ల్యాప్‌టాప్ పెట్టి, స్లైడ్లు వేశాడు. వీకెండంతా కూర్చుని చేసుకొచ్చాడట. రంగురంగుల బొమ్మ, బాణం గుర్తులు. వాళ్ళు ఆడిట్‌కి వచ్చారన్నది మర్చిపోయి, మెచ్చుకోడానికి వచ్చారనుకున్నాడు. “అవసరమైతే మా డేటాబేస్ వీటిలో దేని మీదకైనా క్షణాల్లో వెళ్ళిపోగలదు” అని మురిసిపోతూ చెప్పాడు. నేను టేబుల్ కింద కాలితో ఒక్కటి తన్నాను. “సారీ మేడం” అని తన కాలు వెనక్కి లాక్కున్నాడు, పిచ్చి సన్నాసి! నవ్వొస్తోందా? నాక్కూడా అప్పుడు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి చక్కగా రాసుకుని, ఆ బొమ్మ మాకు పంపుతారా అంది. అక్కడే నిలబడి పంపేశాడు.

తర్వాత రిపోర్టొచ్చింది. డేటాబేస్ నడుస్తున్న చోటికే కాదట, నడవగలిగిన ప్రతి చోటికీ లైసెన్స్ ఉండాలట. అంటే ఆ గుంపులో ఉన్న ప్రాసెసర్లన్నిటికీ. మనం ఒక గది అద్దెకి తీసుకుంటే, వంటింట్లోకీ మేడమీదకీ నడిచి వెళ్ళగలం కాబట్టి ఇల్లంతటికీ అద్దె కట్టమన్నట్టు. పైగా ఇన్నాళ్ళదీ కలిపి కట్టాలి. మా కాంట్రాక్టులో ఆ మాటుందా అని అక్షరం వదలకుండా చదివాను. లేదు నాన్నా. అదెక్కడో వాళ్ళ వెబ్‌సైట్‌లో వేరే పాలసీలో ఉంది. కోర్టుకెళ్దాం అన్నాను. మా లాయర్ నవ్వాడు. “గెలవచ్చు, కానీ గెలిచేలోపు ఫ్యాక్టరీ ఉండాలి కదా” అన్నాడు.

చివరికి బేరం. ఫైన్ వదిలేస్తాం, మా క్లౌడ్ కొన్నేళ్ళకి కొనుక్కోండి అన్నారు. మావాళ్ళు కొన్నారు. దాంట్లోకి ఎవ్వరూ లాగిన్ అయిన పాపాన పోలేదు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి రావాలి మరి? మా డిపార్ట్‌మెంట్‌లో ఒక మనిషిని తగ్గించమన్నారు. నేను పరిగెత్తుకుంటూ మేనేజర్ దగ్గరికెళ్ళాను. నాకెలాగూ రిటైర్మెంట్ దగ్గర పడింది, నన్ను తియ్యండి, ఆ అబ్బాయికి పీఆర్ రాలేదింకా అని బతిమాలాను. “విమలా, అతని పేరు పైనుంచే వచ్చింది” అన్నాడు. బొమ్మ గీసినవాడిదే తప్పని పైవాళ్ళు తేల్చేశారు. చెయ్యి కలిపిన ముసలాయన కూడా నోరు విప్పలేదు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం సుధాకరూ భార్యా మా ఇంటికొచ్చారు. సంధ్య వంటింట్లోకెళ్ళి, కుళాయి తిప్పి వదిలేసి ఏడ్చింది, మాకు వినపడకూడదని. అతను ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు. “నేనేం తప్పు జేసిన ఆంటీ? ఉన్నదే చెప్పిన గదా?” అన్నాడు. ప్రార్థన చేశాను, అన్నం పెట్టాను. అంతకంటే నా చేతిలో ఏముంది?

తర్వాత అతని ఉద్యోగం కోసం నేను ఎక్కని గుమ్మం లేదు. సర్రీలో మా చిన్నతమ్ముణ్ణి కూడా అడిగాను. వాడిదో కథ, ట్రక్కుల కంపెనీ పెట్టి, ముంచి... సర్లే, అదిప్పుడెందుకు. పర్మిట్ ఉన్నవాళ్ళకి మళ్ళీ కాయితాలు పెట్టాలంటే ఎవరూ ముందుకు రారు. చివరికి సుధాకర్‌ని తీసుకున్నది ఎవరో తెలుసా? ఆడిట్లు చేసే కంపెనీ. డేటాబేస్ వాళ్ళ తరఫున ఆఫీసులకెళ్ళి లెక్క తేల్చేవాళ్ళు, టొరంటోలో. పర్మిట్ వాళ్ళే చేయించారు. పీఆర్ కూడా వచ్చింది. స్వీట్ బాక్స్ తెచ్చిచ్చాడు, గుమ్మంలోనే నిలబడి ఇచ్చి వెళ్ళిపోయాడు. నాకు కోపమొచ్చింది కిరణ్, అబద్ధమెందుకు. నా కోపం మీద నాకే కోపం కూడా వచ్చింది, పాలు కొనాల్సిన బిడ్డ ఉన్నవాడి మీద నాకెందుకింత అని.

మొన్న ఫోన్ చేశాడు. చాన్నాళ్ళకి. కాసేపు పాప స్కూలు, మంచు, అవీ ఇవీ మాట్లాడి, ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు. “ఆంటీ, ఇయ్యాల ఒక ఆఫీసుకి పోయిన. మనోడే ఒక పిలగాడు, కొత్తగా వచ్చిండట. నేనడిగింది ఒక్కటే. వాడు లేచి స్లైడ్లు ఏసిండు. చెప్పుకుంట పోతనే ఉన్నడు. ఆపురా అన్న మాట నా నోటి దాకా వచ్చింది ఆంటీ. పక్కన మా మేనేజర్ కూసుండె.”

మరి నువ్వేం చేశావురా అన్నాను.

“ఆ బొమ్మ పంపుతవా అని అడిగిన.”

ఫోన్ పెట్టెయ్యలేదు, అతనూ, నేనూ...

నువ్వు నా కొడుకులాంటివాడివి కిరణ్. ఆ టేబుల్‌కి ఈ పక్కా వద్దు నీకు, ఆ పక్కా వద్దు. దేవుడు నీ ఉద్యోగాన్ని కాయాలి, నీ మనసునీ కాయాలి. రెండూ మిగిలినవాణ్ణి నేను చూళ్ళేదు, నిన్నైనా చూడాలి. రా, ఇలా దగ్గరికి రా, తలమీద చెయ్యి పెట్టనీ...